తోడెవులు?

పక్క క్వార్టర్ మావయ్య ఎవరు గడప దాటినా "తోడెవులు?" అని, అంటే తోడు ఎవరని, అడిగేవాడు. సెక్టర్ 7లో అందరికీ అది నవ్వులాట. నాకు మాత్రం ఆరా తీస్తున్నాడని అనుమానం. స్టీలు ప్లాంటులో ఆయనది గ్యాసు సేఫ్టీ. వాసన లేని గ్యాసును పసిగట్టడమే ఆయన పని.

పదిహేడేళ్ళప్పుడు నన్ను నేను గాయపరచుకునేదాన్ని. ఇంట్లో తెలియకుండా మండుటెండల్లోనూ పొడుగు చేతుల కుర్తా వేసుకునేదాన్ని. ఒకరోజు ఆయన నా చేతుల వంక చూసి, "తోడెవులమ్మా?" అన్నాడు.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు," అన్నాను చిరాగ్గా.

"గ్యాసున్న కాడికి మేం ఒంటరిగా ఎల్లం. రెండో మనిషి బయట నిలబడాల. నీకలాటి బుద్ధి పుడితే గోడ కొట్టు."

నాన్నదీ ఆయనదీ ఒకే షిఫ్టు. చెప్పేస్తాడనుకున్నాను. ఆయన్ని పరీక్షిద్దామనే ఒక మధ్యాహ్నం గోడ కొట్టాను. అత్త చాటలో చింతపండు తెచ్చింది. ఇద్దరం గింజలు తీస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. అదీ అనుమానమే. కానీ చాట ఖాళీ అయ్యేసరికి నా చేతులు నెమ్మదించాయి.

నాలుగోసారి కొట్టినప్పుడు అన్నాడు: "నాను బయట మనిషినే. లోపలికెల్లడానికి డాక్టరుండాల. మీ అమ్మకి నువ్వే చెప్పు. నాను పక్కనుంటాను."

చెప్పాను. వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాన్నకు ఆయన ఒక్క ముక్కా చెప్పలేదని అప్పుడే తెలిసింది.

మరుసటి వేసవిలో అత్త పోయింది. కర్మకాండ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఆయన వైపు నుంచి గోడ మోగింది. నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకుంటూనే, గింజ తీయని చింతపండు చాటలో పోసుకుని వెళ్ళాను.