ఉన్నదున్నట్టు చెప్పిన కబురు

సరిహద్దు పోస్టుకు నేను చేరింది అక్టోబరు చివర్లో. లారీ దిగాక రెండు రోజుల నడక. పదిహేడు వేల అడుగుల ఎత్తు. కుడివైపు మంచు వాలు, ఎడమవైపు లోయ. రెండు ఫైబర్ గుడిసెలు, ఇసుక మూటల బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి. మూడు జతల సాక్సులు వేసుకున్నా కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. నెల్లూరు జిల్లా మర్రిపాడు ఎండల్లో గొర్రెల వెంట తిరిగి పెరిగినవాణ్ణి. గుక్కెడు నీళ్ల కోసం మంచు కరిగించుకోవాలని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

గస్తీకి వెళ్లేటప్పుడు అందరి నడుములకూ ఒకటే తాడు. దాని ముందు నడిచేది నేను. నేను జారితే వెనకున్నవాళ్లంతా జారతారు. అందుకే పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్, తమిళుడు, ప్రతి ఉదయం వచ్చీరాని తెలుగులో అడిగేవాడు: "ఇంట్లో ఎట్లా?"

"అంతా బాగే సాబ్."

నిజానికి నాకేం తెలుసు? మా వైపు మిలిటరీ వాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. మనిషి కొండ మీదున్నంత కాలం చెడు కబురు చెప్పరు. అసలే చావుబతుకుల మధ్య ఉన్నాడు, వాడి మనసెందుకు పాడుచేయాలి అంటారు. మంచికే చేస్తారు. కానీ దానితో మంచి కబురును కూడా నమ్మలేని స్థితి వస్తుంది.

జనవరిలో మంచుకు దారి మూసుకుపోయింది. నా భార్య పెంచలమ్మకు అప్పుడు ఏడో నెల. వారానికోసారి శాటిలైట్ ఫోన్ నా వంతుకు వచ్చేది. ఆ వారం అమ్మ ఎత్తింది.

"అంతా బాగుండాది నాయనా. పెంచలమ్మ నిద్రపోతాండాది."

పట్టపగలు పెంచలమ్మ నిద్రా! ఒళ్లు కాలిపోతున్నా పడుకోని మనిషి. ఏదో దాస్తున్నారని తెలిసిపోయింది. సంచి సర్దుకున్నాను.

రేడియో ఆపరేటర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. మా జిల్లా కలిగిరి వాడు, నా ఈడువాడు.

"యాడికిరా?"

"కిందికి. ఇంటికి."

"దోవ యాడుండాది? నిన్న వాలంతా జారి పడింది చూళ్లేదా? చచ్చిపోతావు."

"పోతే పోతాను. జరుగు."

వాడు జరగలేదు. సుబేదార్ సాబ్ వచ్చి నా తుపాకీ తీసి లోపల పెట్టించాడు. తిట్టలేదు. కింద బెటాలియన్‌లో కుటుంబ సంక్షేమం చూసే అధికారిని రేడియోలోకి పిలిపించి, "నా జవాను ఇంటి సంగతి ఉన్నదున్నట్టు కావాలి" అన్నాడు. అప్పటిదాకా సంక్షేమమంటే నాకు కుట్టుమిషన్ల క్లాసు, పండక్కి మిఠాయిలు, గ్రూపు ఫోటో. అంతే.

ఆ అధికారి ఆత్మకూరులోని మాజీ సైనికుల సంఘానికి ఫోన్ చేశాడు. అక్కడ రిటైరైన హవల్దార్ మస్తాన్ దొరికాడు. నేనెన్నడూ చూడని మనిషి. ఆయన బండేసుకుని మా ఊరెళ్లి, ఇంటికి తాళం చూసి, పక్కింటివాళ్లను అడిగి, నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాడు. మరునాడు అక్కడి నుంచే నాతో ఫోన్ కలిపారు. ముందు వినబడింది అమ్మ గొంతు, కాస్త దూరంగా.

"ఏందయ్యా నీ గోల? వానికి చెప్పబాక! ఆడ ఏమన్నా చేసుకుంటాడు!"

"మా నాయన పోతే మావాళ్లూ ఇట్నే దాచినారమ్మా. బస్సు దిగినాక టీకొట్టోడు చెప్పినాడు నాకు." అది మస్తాన్ గొంతు. "ఆ అమ్మాయికే ఇయ్యండి ఫోను."

"నేనే," అంది పెంచలమ్మ. "ఆడబిడ్డ పుట్టింది. పొద్దున పోయింది. నేను బాగుండాను. నువ్వు కొండ దిగబాక. నువ్వు కూడా పోతే నేనేం చేసేది?"

మళ్లీ మస్తాన్. "తమ్ముడూ, రక్తం ఎక్కిస్తాండారు. ఆమెకు భయం లేదన్నాడు డాక్టరు. రెండోసారి కూడా అడిగినాను. ఇంటికి పంపేదాకా నేనీడనే ఉంటా."

ఏడ్చాను. అందరి ముందూ ఏడ్చాను. వంటవాడు టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత సంచి విప్పేశాను. అనుమానమే మిగిలి ఉంటే ఆ వాలులోకి దిగి చచ్చేవాణ్ణి. దుఃఖమైతే మోస్తూ ఉండిపోవచ్చు.

సుబేదార్ సాబ్ కొన్నాళ్లు తాడు ముందు వేరేవాణ్ణి పెట్టాడు. నాకు మంచు కరిగించే పని. ఒక ఉదయం ఎప్పటిలాగే "ఇంట్లో ఎట్లా?" అన్నాడు. పెంచలమ్మ లేచి తిరుగుతోందనీ, గంజి తాగుతోందనీ, ఉన్నట్టుండి ఏడుస్తోందనీ చెప్పాను. ఆ రోజు తాడు నా చేతికిచ్చాడు.

దారి తెరిచాక సెలవు దొరికింది. ఆత్మకూరు బస్టాండులో మస్తానన్న కాచుకుని ఉన్నాడు. గడ్డం నెరిసిన బక్కపలచని మనిషి. నేరుగా మా చేను గట్టుకు తీసుకెళ్లాడు. పెంచలమ్మ అక్కడే నిలబడి ఉంది. మా నాయనకు చేతులు వణుకుతాయి. అందుకని ఆ రోజు నా బిడ్డను పూడ్చడానికి అక్కడిదాకా ఎత్తుకొచ్చింది మస్తానన్నే.

బిడ్డ ఫోటో లేదు. తీయాలని ఎవరికీ తోచలేదట.

"ఎట్లుండిందన్నా?" అన్నాను.

ఆయన చొక్కా చేయి పైకి మడిచి, ముంజేయి నా ముందు చాచాడు.

"తల ఈడ," అని అరచేయి చూపించాడు. "కాళ్లు ఈడికి," అని మోచేతికి ఇవతల వేలు పెట్టాడు.

నేను చూసినంతసేపూ ఆయన ఆ చేయి దించలేదు. తర్వాత కొన్నేళ్లకు సైన్యం వదిలి ఇంటికొచ్చేశాను. కొండలు, మంచు, అన్నీ మసకబారుతున్నాయి. నా బిడ్డ అనుకోగానే నాకు ఇప్పటికీ కనబడేది ఆ ముంజేయి.