బాబాయి కుండ స్పీకర్లు

ఆదివారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. పెరట్లో ఆరబెట్టిన కొబ్బరి పీచు తడవకుండా వసారాలోకి చేర్చాను. ఆ పీచు చేతికి తగిలేసరికి బాబాయి గుర్తొచ్చాడు...

మా చిన్నప్పుడు బాబాయి రెండు మట్టికుండల మూతులకు స్పీకర్లు బిగించి సొంతంగా స్టీరియో కట్టాడు. అది వినడానికి అమలాపురం నుంచి స్టీరియోల షాపాయన వచ్చారు. నచ్చితే షాపులో పని... నచ్చకపోతే రావులపాలెంలో అరటిగెలలు మోయాల్సిందేనని తాతయ్య ముందే తేల్చి చెప్పేశారు.

పాట మొదలైంది. ఇంట్లో ఎవరమూ ఊపిరి పీల్చలేదు. షాపాయన కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఏంటబ్బాయ్, ఒకటే గుమ్ము! దెబ్బ ఏదీ? తబలా ఆయన కుండలో పడి కొట్టుకుంటున్నట్టుంది."

"ఇంకొక్కసారి వినండి..." బాబాయి పాటని మళ్లీ మొదటికి తిప్పాడు.

"ఎన్నిసార్లు విన్నా అంతే. నాకు బస్సుందబ్బాయ్." ఆయన లేచి చెప్పుల కోసం చూస్తున్నారు. తాతయ్య బాబాయినే చూస్తున్నారు.

అప్పుడే వంటింట్లోంచి నానమ్మ అరుపు... "ఒరేయ్, అటక మీద గిన్నెలన్నీ కదిలిపోతన్నాయి! ఆ కుండల నోట్లో ఇంత పీచు కుక్కరా, పీడా పోద్ది!"

నానమ్మ తిట్టింది. బాబాయి మాత్రం షాపాయనని ఒక్క నిమిషం ఆగమని పెరట్లోకి పరుగెత్తాడు. పీచు తెచ్చి, స్పీకర్లు ఊడదీసి, కుండల్లో కుక్కి మళ్లీ బిగించాడు.

పాట మళ్లీ మొదలైంది. ఈసారి దెబ్బ పడిన చోటే ఆగింది. దేనికది విడిగా... గిన్నెలు కదల్లేదు.

షాపాయన చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నారు. పాట చివరిదాకా విన్నారు.

"ఆయ్... ఇప్పుడు గుండె మీద వేలితో తట్టినట్టుందండీ. రేపు పొద్దున్నే షాపుకొచ్చేయండి. వస్తా వస్తా కాస్త పీచు పట్రండి."

అబ్బాయ్ పోయి అండీ వచ్చింది. తాతయ్య లోపలికెళ్లి, షాపాయనకి ఇంకో కాఫీ పెట్టమన్నారు.

ఇప్పుడు ఫోన్లో స్టీరియో గ్రూపులు చూస్తుంటాను. బిగువైన బేసు, ముద్ద బేసు, పొడి బేసు... ఎన్నో పేర్లు. మాకు రెండే మాటలు ఉండేవి, ముద్దగా మోగితే గుమ్ము, విడిగా పడితే దెబ్బ. వాటిని పలికే బాబాయి లేడు. స్పీకర్ పెట్టెలు నాజూకైపోయాయి... ఒకే పాట కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టడం మళ్లీ చూడలేదు.

మంచి బేసుని మీ ఇంట్లో ఏమనేవారు? గుర్తుంటే రాయండి...

వాన తెరిపిచ్చింది. పీచు మళ్లీ పెరట్లో ఆరబెట్టాలి.