నిద్రపోయి ఎంచుకున్న కార్డు

మా మొదటి గేమింగ్ కంప్యూటర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలన్నది నేను నిద్రపోవడంతో తేలింది. వన్ టౌన్‌లో ఒక మేడ మీది కంప్యూటర్ దుకాణంలో, మిట్టమధ్యాహ్నం, చెక్క బల్ల మీద, తల కింద అట్టపెట్టె పెట్టుకుని పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నా భార్య నిలబడి నన్నే చూస్తోంది. ఆమె వెనక దుకాణదారు నవ్వు ఆపుకుంటున్నాడు.

"గురక కూడా పెట్టారండీ," అంది ఆమె. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఇక పెద్దదే ఇచ్చేయండి అన్నయ్యా," అంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి జరిగిన సంగతి ఇది. అప్పట్లో నేను ఒక దినపత్రిక విజయవాడ ఎడిషన్‌లో వార్తలు దిద్దే రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. తెల్లవారాక ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ణి. మాది గదిన్నర పోర్షన్. మంచం ఉన్న గదిలోనే నా భార్య కంప్యూటరూ ఉండేది. ఆమె ఇంటి దగ్గరే డీటీపీ పని చేసేది. శుభలేఖలు, కరపత్రాలు, చర్చిల వాళ్ళ పాటల పుస్తకాలు టైపు చేసి ఇచ్చేది. నాకు నిద్రాభంగం కాకూడదని కీబోర్డు కింద తువ్వాలు మడిచి పెట్టుకునేది.

పని అయ్యాక ఒక ఆట పెట్టుకునేది. ఏదో కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోది. ఆడేది అనడం కూడా సరికాదు. అందులో కత్తులున్నాయి, యుద్ధాలున్నాయి, ఆమె వాటి జోలికి పోయేది కాదు. ఊరికే నడిచేది. మోకాలెత్తు గడ్డిలో, ఒక పెద్ద నీటి ఒడ్డు వెంట, ఎవరూ పిలవని, ఎక్కడికీ తొందర లేని నడక. పాత కంప్యూటర్‌కి దూరంగా ఉన్నవాటిని చూపించే శక్తి లేదు. కొంత దూరం తర్వాత తెరంతా తెల్లటి మంచు కమ్మేసేది. ఆమె ముందుకి నడిచినకొద్దీ మంచు వెనక్కి జరిగేది, కానీ విడిపోయేది కాదు.

"అవతల ఒడ్డుందండీ," అనేది, నేను లేచి కాఫీ తాగుతుంటే.

"ఉంటే కనబడాలిగా?"

"మా చల్లపల్లిలో చలికాలం పొద్దున్నే కాలవ గట్టెక్కితే అవతలి గట్టు కనబడేదా? అంతమాత్రాన లేకుండా పోయిందా?"

ఆమెకి ఆ ఒడ్డు చూడాలని ఉండేది. ఇంకేమీ కాదు. దానికోసమే సొంత సంపాదనతో కొత్త కంప్యూటర్ కట్టించడం మొదలుపెట్టింది. క్యాబినెట్, ప్రాసెసర్, మదర్‌బోర్డు అన్నీ తనే ఎంచింది. మంగళగిరిలో చీర కొనేటప్పుడు వెలుతురుకి పట్టి చూసినట్టు మదర్‌బోర్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేది. చివరికి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మిగిలింది. దూరాన్ని చూపించేది అదే.

దుకాణదారుది వన్ టౌన్‌లో చాలాకాలంగా ఉంటున్న ముస్లిం కుటుంబం. తండ్రి కాలంలో అది రేడియోలు బాగుచేసే దుకాణం. ఆయన మా ముందు రెండు కార్డులు పెట్టాడు. చిన్నదానికి ఫ్యాను లేదు, వేడి లాగే అల్యూమినియం రేకులే. పెద్దదానికి అరచేయంత ఫ్యాను ఉంది. ముందు చిన్నది బిగించి ఆమె సీడీ వేశాడు. మంచు కాస్త పలచబడింది, అంతే. తర్వాత పెద్దది బిగించాడు. మంచు లేదు. నీళ్ళు, నీళ్ళ అవతల ఒక ఒడ్డు, దాని మీద చెట్ల వరస.

నా భార్య కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుంది.

కానీ ఆ ఫ్యానుది ఖాళీ మిక్సీ తిరిగినట్టు ఒకటే హోరు.

"చిన్నది సార్ నిద్రకమ్మా, పెద్దది మీ కళ్ళకి," అన్నాడాయన, నా పగటి నిద్ర సంగతి మేం ముందే చెప్పి ఉండటంతో. "మన బెజవాడ ఎండలకి దీనికి ఆ ఫ్యాను తప్పదు మరి."

"పెద్దదే తీసుకో. నాకేం పర్లేదు," అన్నాను.

"మీకు అన్నీ పర్లేదే లెండి. ఉప్పు మర్చిపోయిన పప్పు కూడా పర్లేదనే తిన్నారు," అంది. "చిన్నదే ప్యాక్ చేయండి అన్నయ్యా." అంటూనే తెర వంక ఇంకోసారి చూసింది.

ఆ చూపు చూశాక నేను, "పడుకుని చూస్తాను, ఆ తర్వాత ప్యాక్ చేయించు," అన్నాను.

"ఆడి చూసి కొన్నవాళ్ళున్నారు సార్. పడుకుని చూసి కొనేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా," అంటూ ఆయన బల్ల మీది పెట్టెలు తీసేశాడు.

కళ్ళు మూసుకున్నాను. కింద సందులో తోపుడుబళ్ళు, ఎక్కడో గోడౌన్ నుంచి ఎండుమిరపకాయల ఘాటు. మీద ఈ హోరు. కొంతసేపటికి హోరు దూరమైంది, తర్వాత నా కిందకి వచ్చింది. అది మా ఆఫీసు కింద హాల్లో తిరిగే ప్రింటింగ్ మిషన్ అయింది. ఆఖరి పేజీ పంపేశాక మేం పాత పేపర్ల కట్టల మీద ఒరిగేవాళ్ళం. మిషన్ తిరుగుతున్నంతసేపూ నిద్ర. కాగితం తెగి మిషన్ ఆగిందంటే అందరికీ ఒకేసారి మెలకువ వచ్చేది. ఆ చప్పుడే మాకు జోలపాటని నాకే ఎప్పుడూ తోచలేదు, ఇక ఆమెకేం చెబుతాను? కలలో అచ్చయిన పేజీలు కాలవలో తేలుతూ పోతున్నాయి. అక్షరాలు నీళ్ళలో కరిగి విడిపోతున్నాయి. నేను వాటి పక్కనే నడుస్తున్నాను, తప్పులు దిద్దాలన్న ఆలోచన కూడా లేకుండా. ఉన్నట్టుండి నిశ్శబ్దం. మెలకువ వచ్చింది. దుకాణదారు కంప్యూటర్ ఆపేశాడు.

పెద్ద కార్డు మా ఇంటికొచ్చింది. పగటి పూటల్లో దాని హోరులో నేను నిద్రపోయేవాణ్ణి, ఆమె ఆటలో నీళ్ళు ఈది అవతలికి వెళ్ళేది. ఆ ఒడ్డు మీద రెల్లుగడ్డి ఉందనీ, పైకప్పు లేని రాతి ఇల్లొకటి ఉందనీ నాకు చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, అక్కడ ఎవరో పడుకుని ఉన్నట్టు.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను తట్టి లేపింది. రాతి ఇంటి వెనక, చాలా దూరంలో, ఆకాశం అంచున సన్నటి నీలి గీత.

"కొండంటారా?" అంది.

అటు నడిచింది. కొంత దూరం పోయాక కాళ్ళు ఆడుతున్నాయి గానీ తెర మీది మనిషి కదలడం లేదు. ఆటలోని లోకం అక్కడితో సరి.

దుకాణదారుని అడిగితే, "అది ఆకాశం మీద వేసిన బొమ్మమ్మా," అన్నాడు.

"బొమ్మైతే నేను పక్కకి నడిచినప్పుడు అది కూడా కొంచెం జరుగుతుందేంటి అన్నయ్యా?"

ఆయన తల గోక్కున్నాడు. "అయితే కొండేనేమో. ఇంకా పెద్ద కార్డు రానివ్వండి, చూద్దాం."

పెద్ద కార్డులు చాలానే వచ్చాయి. మాది ఒక ఎండాకాలంలో కాలిపోయింది. ఇంకోటి కొనే సరికి సీడీ గీతలు పడి పనిచేయడం మానేసింది. మళ్ళీ వెతుకుదామంటే ఆ ఆట అసలు పేరేమిటో మేమిద్దరం ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ నీలి గీత కొండో, బొమ్మో మాకు ఇప్పటికీ తెలియదు.