గోడల్లేని తలుపు

మా నాటకంలో ఇల్లు లేదు, తలుపు ఒక్కటే ఉండేది. స్టేజీ నడుమ, నాన్న కొట్టిన చట్రంలో, చుట్టూ గోడలు లేకుండా నిలబడేది. చలికాలపు సాయంత్రాలు రిహార్సల్ జరుగుతుంటే హాలు కిటికీల్లోంచి మంచు లోపలికి వచ్చేది. యార్డులో ఇంజన్ కూత వేసినప్పుడల్లా ఆ తలుపు సన్నగా అదిరేది. నేను దాన్నే చూస్తూ కూర్చుని, దాని వెనక మెల్లగా ఇల్లు కట్టుకునేదాన్ని. ఇక్కడ అమ్మ పొయ్యి, అక్కడ నాన్న పడక కుర్చీ.

కట్టుకోక ఏం చెయ్యను? నాన్న రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసే గడువు దగ్గరపడింది. రైల్వే పనులకని వలస వచ్చిన తెలుగువాళ్ళుండే ఖరిదా పేటలో ఏ ఇంటికి వెళ్ళినా మొదట ఇంటిపేరు అడిగేవారు. తర్వాత "ఏ సెర్చికి ఎల్తారు?" ఆ తర్వాత "అయ్యో, నిన్ననే ఇచ్చేసినామమ్మా." ఊళ్ళో ఇళ్ళన్నీ నిన్ననే అద్దెకు పోయేవి.

తెలుగువాళ్ళ సంఘం ఆ ఏడు వేసిన నాటకమూ అదే కథ. కులం అడిగి ఇల్లు లేదనే యజమానురాలిని నేను. లేదనిపించుకునే బడిపంతులు వేషమేమో గోల్‌బజార్‌లో బట్టల కొట్టు నడిపే ఆయన. తలుపు కూడా ఆయనదే. ఖరిదాలో తన మేడ మీది వాటా ఖాళీగా ఉందని, "అట్ట తలుపైతే జనం నవ్వుతారు, అసలైందే తీసుకెల్లండి" అన్నాడు. నాన్నే వెళ్ళి ఊడదీసి రిక్షా మీద తెచ్చాడు. ఆ పూట అన్నం తింటూ అమ్మకు చెప్పాడు, రెండు గదులట, వంటింట్లో గూళ్ళట, ఎండ బాగా పడుతుందట. అడుగుదామని మాత్రం అనలేదు.

నాటకం నాడు ఆయన మొహం మీద తలుపు వేశాను. ఆయన గుమ్మం ముందు కూలబడి ఏడ్చాడు. ఫోనుల్లో వీడియో తీస్తున్నవాళ్ళు కూడా ఏడ్చారు. తలుపు వెనక నేనూ ఏడ్చాను. ఇంత బాధ తెలిసిన మనిషి కాదంటాడా అనుకుని, రంగు తుడుచుకుంటుండగా ఆ మేడ మీది వాటా మాకు అద్దెకిమ్మని అడిగేశాను.

ఆయన నా వైపు చూడలేదు, అద్దంలోకే చూశాడు. "నాకేటీ పట్టింపు లేదమ్మా. కింద మా యమ్మ ఉంటాది గదా, మడీ అదీను. నువ్వు మాత్రం మా బాగా సేసినావు."

కన్నీళ్ళ చారలు ఇంకా ఆయన చెంపల మీదే ఉన్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, ఈయనకు రచ్చ ఒక్కటే చాలు కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు తలుపు బిగించడానికి నాన్న పనిముట్ల సంచి తీశాడు.

"ఆల్ల తలుపు ఆల్లే పెట్టుకుంటారు, నీకేటి?" అన్నాను.

"ఊడదీసినోడే బిగించాల. అది మా పనోల్ల రివాజు."

సాయం పట్టడానికి నేనూ వెళ్ళాను. మేడ మీద గదుల నిండా ఎండ. నెల రోజులుగా నేను కట్టుకున్న ఇల్లు అచ్చం అలాగే ఉంది. నాన్న ఇరుక్కుంటున్న తలుపు అంచు చిత్రిక పట్టి, మడతబందులు బిగించి, "గడియ లోపల్నుంచి సూడాల బాబూ" అని పక్కనే నిలబడ్డ బట్టల కొట్టాయనతో చెప్పి, లోపలికి వెళ్ళి వేసుకున్నాడు.

గుమ్మం బయట ఆయనా నేనూ మిగిలాం. లోపల అడుగుల చప్పుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళింది. కిటికీ రెక్క తెరుచుకుంది. తర్వాత ఏమీ వినపడలేదు. కొట్టాయన కాసేపు చూసి తలుపు తట్టాడు, నాటకంలో తట్టినట్టే, మెల్లగా మూడుసార్లు.

"ఏటండీ, అయిపోనాదా?"

ఆయన మళ్ళీ తట్టాడు. ఆ వాకిట్లో ఆయన్ని ఇంకా నిలబెట్టాలని నాకనిపించింది.

చివరికి గడియ తీసి నాన్న బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచి భుజాన వేసుకుంటూ అన్నాడు:

"ఇంక ఇరుక్కోదు బాబూ. ఎవులొచ్చినా సులువుగా తెరుసుకుంటాది."