కోటగుళ్ల రాయి, రోడ్డు మీది పొయ్యి

ఉద్యోగ విరమణ తర్వాత నెలకొక కాకతీయ కట్టడాన్ని దర్శించాలని నియమం పెట్టుకున్నాను. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా నిరసనలు సాగుతున్న ఆ రోజుల్లో ఘనపూర్ కోటగుళ్ల వంతు వచ్చింది. ఉదయం ఆరింటికి జనగామలో ప్యాసింజరు ఎక్కి, వరంగల్‌లో దిగి ఇడ్లీ తిన్నాను. ములుగు మీదుగా వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పక్క సీటులో ఘనపూర్ రైతు యాకమ్మ.

“ఆ పాత గుళ్లు సూడనీకి ఇంత దూరమా సారూ? మేమైతే ఆడ మేకలు కట్టేస్తం,” అని నవ్వింది.

ఘనపూర్ పొలిమేరలో బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. నిరసనగా నడిరోడ్డు మీదే వండుకొని, అందరూ అక్కడే కూర్చొని తినడం ఆనాటి పద్ధతి. మూడు రాళ్ల మీద పెద్ద గంజులో ఎసరు పెట్టి, కట్టెలు పేర్చారు. దిగి చూశాను. రెండు మామూలు బండలు. మూడవది బోర్లా వేసిన రాయి. దాని అంచున సన్నని హంసల వరుస! మంట తగిలితే పగిలిపోతుంది.

“దయచేసి నిప్పు అంటించకండి. ఇది శిల్పం,” అన్నాను.

అగ్గిపుల్ల గీయబోతున్న యువకుడు నన్ను ఎగాదిగా చూశాడు. “మాట జూడు, పుస్తకం సదివినట్టు! మా పొయ్యి ఆర్పనీకి ఆంధ్ర నుంచి వచ్చినవా సారూ?”

“జనగామోన్ని బిడ్డా. మీ కొట్లాట నాది గూడ. గని రాష్ట్రం వచ్చినంక గిది మనదని సూపెట్టనీకి ఏమన్న మిగలాలె గద?”

నా వెనకే బస్సు దిగిన యాకమ్మ వంగి రాతి అడుగు తడిమింది. “ఓరి రాజుగా, గిది గుడి రాయిరా! ఎవడు తెచ్చిండు?”

“నేనే చిన్నమ్మా. గుడి ముంగట బోర్ల పడి ఉండె, బండ అనుకున్న,” అన్నాడు అగ్గిపుల్ల పట్టుకున్న ఆ యువకుడే.

నలుగురు గంజును ఎత్తిపట్టారు. యాకమ్మ పొలం గట్టు నుంచి మరో బండ దొర్లించుకొచ్చింది. అప్పుడే పొయ్యి వెలిగింది. ప్రయాణికులమందరం వరుసగా కూర్చొని పప్పన్నం, పచ్చిపులుసు తిన్నాము.

భోజనానంతరం రాజు, అతని మిత్రులు రాయిని నులకమంచం మీద మోసుకొని కోటగుళ్లకు నడిచారు. నేను వెంట వెళ్లాను. ప్రధానాలయం చుట్టూ చిన్న గుళ్లు శిథిలమైనా తమ వరుస తప్పలేదు.

“ఏడిదో చెప్పు సారూ, ఆడ్నే పెడ్తం.”

ఎంత వెతికినా దాని స్థానం నాకు తెలియలేదు. చివరకు మండపంలో ఎడమవైపు, హంసలు కనిపించేలా ఉంచారు.

సాయంత్రం నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణమయ్యాను. రాజు కిటికీ దగ్గరకు వచ్చి, “నువ్వు మళ్ల వచ్చేయాళ్లకు దాని జాగ దేవులాడి పెడ్తం సారూ,” అన్నాడు.

ఆ మాటను నేను నమ్మాను. కోటగుళ్లకు వెళ్లే పాఠకులు మండపంలో ఎడమవైపు చూడండి. రాయి అక్కడ లేకపోతే, ఏ గోడలో చేరిందో రాజును అడగండి.