మిర్గం నాడు స్పీడు పెంచే మా పద్మక్క

నిన్న పొద్దున ఒక పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి చాయ్ తాగుతుంటే బావ ఫోన్ వచ్చింది.

"తమ్మీ, మీ అక్క పోయింది రా. గుండె ఆగింది. హాస్పిటల్ దాక గూడ రాలె."

చాయ్ అక్కడే వదిలేసి బండి తీశాను.

మొన్న సాయంత్రమే కదా నన్ను తిట్టింది, కంప్యూటర్ ఫ్యాన్ల మీద దుమ్ము తుడవలేదని! అంత గట్టిగా తిట్టిన మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతుంది?

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. పద్మక్క మా పెద్దమ్మ కూతురు. పుట్టింది రాజురాలో. బావది బొగ్గు గనిలో ఉద్యోగం, అందుకని పెళ్ళయ్యాక చంద్రపూర్ వచ్చింది. ఇంటి ముందు గదిలో కంప్యూటర్ క్లాస్ నడిపింది. మన కంప్యూటర్ గ్రూప్‌లో చాలామందికి మొదటి కంప్యూటర్ బిగించి ఇచ్చింది అక్కే.

ఇక ఆమె పిచ్చి ఓవర్‌క్లాకింగ్.

కంపెనీ వాళ్ళు పెట్టిన స్పీడుతో ప్రాసెసర్‌ని వదిలేస్తే అక్కకు నిద్ర పట్టేది కాదు. ఇంకొంచెం ఉరికించాలి, వేడెక్కకుండా ఉరికించాలి. అదీ మన చంద్రపూర్ ఎండల్లో!

అందుకే అక్క ఒక పద్ధతి పెట్టింది. హోలీ అయ్యాక అందరూ కూలర్లు బయటకు తీసి కొత్త గడ్డి వేయించుకుంటారు కదా, ఆ రోజుల్లో అక్క ఇల్లిల్లూ తిరిగి మన కంప్యూటర్ల స్పీడు దించేది. మిర్గం నాడు, అంటే మృగశిర కార్తె రోజు, తొలి వానలకు ఊరంతా చేపలు వండుకుంటుంటే, మళ్ళీ వచ్చి పెంచేది. మా ఇల్లు దూరంగా మాజ్రిలో. అయినా ఒక్క ఏడాది తప్పలేదు.

"అన్నం తిను అక్కా" అంటే, "ముందుగాల మిషన్‌ను సూడనియ్యి, శాపలు యాడికి పోతయి" అనేది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మొదట్లో అక్క తన సొంత మిషన్ క్యాబినెట్ మూత తీసి, దాన్ని నిండు మే నెలలో కూలర్ ముందు పెట్టింది. చల్లగాలి నేరుగా లోపలికి. స్పీడు ఎంత పెంచినా నడిచింది. అక్క గదిలో గంతులేసింది, బావను పిలిచి చూపించింది.

కూలర్ గాలిలో నీటి తుంపర కూడా ఉంటుందన్న మాట ఎవరికీ తట్టలేదు.

కాసేపటికి టప్‌మని చప్పుడు. మదర్‌బోర్డు మీద నీళ్ళు.

నేనైతే ఏడ్చేవాణ్ణి. అక్క పడీ పడీ నవ్వింది. "బోర్డు పోయింది గాని, ఎంత దూరం ఉరుకుతదో ఎరుకైంది గద తమ్మీ!"

మనకు ఇంకో మాట కూడా ఎప్పుడూ చెప్పేది. "హ్యాంగ్ అయితే బుగులు పడకుండ్రి. ఒక్క మెట్టు దించి మల్ల ఆన్ చెయ్యుండ్రి."

నా పాత ప్రాసెసర్‌ని ఏళ్ళ తరబడి గుంజి గుంజి నడిపించింది. ఈసారి హోలీ తర్వాత వచ్చి, దాని ముందు కూర్చుని, "ఇగ సాలు. దీన్ని ఇడిసిపెట్టి కొత్తది పెడ్దాం" అంది.

నాకు మనసొప్పలేదు. "నువ్వు తెచ్చిన స్పీడు అక్కా ఇది, నేను తీసెయ్యను" అన్నా.

"ప్రాసెసర్ మీద మనసు పెట్టుకునేటోన్ని నిన్నే సూసిన! స్పీడు నా చేతిల ఉన్నది గాని దాంట్ల ఉన్నదా?"

కొత్త తరం ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చోదు. బోర్డు, ర్యామ్ అన్నీ మారాయి. పాతదాంట్లోంచి మిగిలింది క్యాబినెట్ ఒక్కటే. ప్రాసెసర్‌ని నా చేతే పెట్టించింది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే పక్కన కూర్చుని పల్లీలు తిన్నది.

"ఇవి కొత్త తరంవి తమ్మీ. ఎనకవడి నూకే పని లేదు, అవే ఉరుకుతయి. సల్లగ ఉంచుడే మన పని" అని చెప్పి, ఎండాకాలానికని దాని కరెంటు వాడకానికి ఒక హద్దు పెట్టింది.

"మిర్గం అచ్చినంక ఈ హద్దు తీసేద్దాం. అసలు ఎంత ఉరుకుతదో గప్పుడు సూద్దాం."

వచ్చే వారమే మిర్గం.

నిన్న దహనం అయ్యాక గ్రూప్‌లో ఎవరో మరాఠీలో మెసేజ్ పెట్టారు. వహినీ (వదిన) చివరిసారి పెట్టిన సెట్టింగ్‌ను ఇక ఎవరూ ముట్టుకోవద్దు, ఆమె గుర్తుగా అలాగే ఉంచుకుందాం అని. అందరూ దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ మెసేజ్ చూసి నాకు కొంచెం ఊరట కలిగింది. అక్క లేకుండా ఆ సెట్టింగుల్లోకి వెళ్ళాలంటే భయం మరి.

సాయంత్రం బావతో ఆ మాట చెప్పాను. బావకు కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు. కానీ ఎంత కోపమొచ్చిందో!

"పిచ్చోళ్ళార! వానకాలంల ఎండకాలం సెట్టింగ్ పద్మ ఒక్క ఏడన్న ఉంచిందా? గట్ల ఉంచితే అందర్నీ నిలవెట్టి తిట్టకపోవునా? గిదేం గుర్తు?"

అని, మళ్ళీ ఆయనే కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఆపుకోలేకపోయాను.

తర్వాత బావే అన్నాడు. "నీతోని చిప్పు పెట్టిచ్చింది గద. నువ్వే పో."

అందుకే ఈ పోస్ట్. తెలుగు చదవడం కష్టమైన వాళ్ళకు వాయిస్ మెసేజ్ కూడా పెడతా.

మిర్గం నాడు అందరూ ఇంట్లోనే ఉండండి. అక్క వచ్చినట్టే ఒక్కో ఇంటికీ వస్తా. అక్కలాగా నాకు చకచకా రాదు, కొంచెం ఓపిక పట్టండి. హ్యాంగ్ అయితే ఒక మెట్టు దించి మళ్ళీ ఆన్ చేద్దాం. చేపలు తర్వాత తింటా.

చివరికి మాజ్రి వచ్చి నా మిషన్ హద్దు తీస్తా. ఎంత ఉరుకుతుందో బావను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తా.

అక్కా, నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండు.

ఫ్యాన్లు తుడిచాను.