చెడిపోతే ఎవరిని తిట్టాలి

మా పాలమూరులో మబ్బుల లేవడమంటే తెల్లవారకముందే లేవడం. నేను రోజూ మబ్బుల లేచి, గద్వాలలో బస్సెక్కి, పెబ్బేరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని వనపర్తి చేరి, అక్కడ మళ్ళీ మబ్బు గురించే పాఠం చెప్పేవాణ్ణి. క్లౌడ్ కంప్యూటింగ్ అన్నమాట. మన గదిలో మనం కంప్యూటర్లు పెట్టుకుని వాటి దుమ్ము దులుపుకునే బదులు, ఎక్కడో ఎవరో పెట్టిన కంప్యూటర్లను ఇంటర్నెట్ మీదుగా అద్దెకు వాడుకోవడం. ఇంతవరకు ఎవరికైనా చెప్పొచ్చు. చిక్కంతా ఆ అద్దె మూడు రకాలు కావడంలో ఉంది.

మూడింటికీ పొడుగాటి ఇంగ్లిషు పేర్లున్నాయి. పొట్టిగా ఐయాస్, పాస్, సాస్ అంటారు. మా పిల్లలకు మొదటిది ఆయాసంలాగా, చివరిది మిర్చి బజ్జీ పక్కన పోసేదానిలాగా, మధ్యది తమకు ఎన్నటికీ కానిదానిలాగా వినిపించేది. పుస్తకంలో తేడా చెప్పడానికి పిజ్జాను వాడారు. ఇంట్లో కాల్చుకునే పిజ్జా, సగం తయారై వచ్చే పిజ్జా, హోటల్లో కూర్చుని తినే పిజ్జా. రాసినాయన ఇంట్లో ఓవెన్ ఉంది కాబోలు. మా క్లాసులో సగంమంది ఇళ్ళలో గ్యాసు పొయ్యి పక్కన కట్టెల పొయ్యి ఇంకా మండుతోంది. పిజ్జా పేరెత్తగానే అందరికీ ఆకలైంది తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

మామూలు ఏడైతే ఆ పాఠాన్ని రెండు నిట్టూర్పులతో దాటేసేవాణ్ణే. ఆ ఏడు కుదరలేదు. మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి యజమాని అయిన కరస్పాండెంటు నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించకుండానే మొదలుపెట్టాడు.

"సార్, కంప్యూటర్ గ్రూపుల పిల్లలు తక్కువైతున్నరు. హైదరాబాద్ కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలు పెడ్తమన్నరు. ఈ బ్యాచుల ఒక్కరికన్న నౌకరి వస్తె గ్రూపు ఉంటది. రాకుంటె వచ్చే ఏడు బంద్ జేస్త."

"మరి నేను?"

"మీకేంది సార్, పెద్దమనుషులు. ఊర్లు తిరిగి అడ్మిషన్లు పట్టుకొస్తరు."

ప్రైవేటు కాలేజీ లెక్చరరుకు ఎండాకాలం సెలవులంటే కరపత్రాలు పట్టుకుని, ఇంటర్ రాసిన పిల్లల గుమ్మాల ముందు నిలబడటమే. కుక్కలు మమ్మల్ని గుర్తుపట్టినంత బాగా తల్లిదండ్రులు గుర్తుపట్టరు. ఏటా ఆ రెండు నెలలకే నా మోకాళ్ళు మొరాయించేవి. ఈయన దాన్ని పూర్తికాలపు ఉద్యోగం చేస్తానంటున్నాడు. పైగా ఆ కంపెనీ పనే క్లౌడ్. అద్దెకు తీసుకున్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తి, ఏమైందో కనుక్కుని చెప్పే నౌకరీ. అంటే మొత్తం గ్రూపు బతుకు, నా మోకాళ్ళ బతుకు ఆ ఒక్క పాఠం మీద వేలాడుతున్నాయి.

సరే, పిజ్జా వద్దు, పొలం బాట పడదామనుకున్నాను. క్లౌడుకూ కౌలుకూ ఎంతో దూరం లేదు, నోటికి కూడా. బోర్డు మీద మడి గీసి చెప్పాను. ఉత్త భూమి కౌలుకు తీసుకుంటే అది మొదటి రకం. కంప్యూటరు వాళ్ళది, దాని మీద వేసే ఆపరేటింగ్ సిస్టం నుంచి పైదంతా మనది. దున్నుకోవాలి, విత్తుకోవాలి, కలుపు తీసుకోవాలి. దున్ని, నీళ్ళు పారించి, ఎరువు చల్లి ఇచ్చిన భూమి రెండో రకం. మన విత్తనం, అంటే మనం రాసుకున్న ప్రోగ్రాం, వేసుకుంటే చాలు. అంగట్లో బియ్యం కొనుక్కొచ్చుకుంటే మూడో రకం. తయారైన సాఫ్ట్‌వేర్ తెరిచి వాడుకోవడమే, మనం రోజూ మెయిల్ చూసుకున్నట్టు.

నా మీద నాకే ముచ్చటేసింది. అప్పుడు లేచాడు వడ్డేపల్లి పిల్లవాడు.

"సార్, మా దిక్కు ఇత్తనాల కోసం సీడ్ పత్తి ఏస్తరు. భూమి మాది. ఇత్తనం కంపెనోళ్లది. పూలకు క్రాసింగు ఎప్పుడు జెయ్యాల్నో వాళ్లే చెప్తరు, కూలీలను మేం పెడ్తం, పంట మళ్ల వాళ్లే తీస్కపోతరు. గిది ఏ రకం సార్?"

నేను మడిని చూశాను. మడి నన్ను చూసింది. అద్దెకిచ్చేవాడు ఎవరో, తీసుకునేవాడు ఎవరో నాకే తారుమారైంది. నేను తేరుకునేలోపు ఉప్పునుంతల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే అమ్మాయి అందుకుంది.

"గది ఇడ్సిపెట్టున్రి సార్. కౌలు చెల్కల బోరు ఎండిపోతె ఎవరి మీద పడ్తది? మా ఊర్ల జర కౌలు తగ్గిస్తరు."

"మా ఊర్ల తగ్గియ్యరు," అన్నాడు వడ్డేపల్లి.

"గదేం ఊరయ్యా మీది!"

"మా ఊరికేమైంది? మీ ఊర్ల బోర్లే ఎండుతయ్!"

పీరియడు అయిపోయింది. బోర్లు ఎండాయి, నా గొంతు ఎండింది, కంప్యూటర్ల పాఠం మాత్రం పారలేదు.

మర్నాడు భూమి జోలికి పోలేదు. ఫంక్షన్ హాలుకు పోయాను. ఉత్త హాలు, వంటసామాన్లతో హాలు, భోజనాలతో సహా హాలు. పెళ్ళికి పోనివాళ్ళు ఎవరూ ఉండరు గనుక ఇందులో గొడవేముంటుందనుకున్నాను. వనపర్తిలోనే టెంట్ హౌస్ నడిపే ఆయన కొడుకు నా క్లాసులోనే ఉన్నాడని మరిచిపోయాను.

"సార్, జర ఆగున్రి. ఉత్త హాలంటే కరెంటు పోతె?"

"జనరేటరు ఉంటది గద."

"జనరేటర్ మాది సార్. డీజిల్ మీది. మా అబ్బా ముందుగాల్నె చెప్తడు. అయిన గని పెండ్లినాడు కరెంటు పోంగనె అందరు మా అబ్బా మీదికే ఒస్తరు."

"ఎందుకొస్తరు? ముందుగాల్నె చెప్పినంక?"

"సార్, పెండ్లికొడుకు చీకట్ల కూసున్నప్పుడు గవన్ని ఎవరికి యాదికుంటయ్?"

క్లాసంతా నవ్వింది. తర్వాత ఎవరెవరి పెళ్ళిలో ఏమేం తక్కువయ్యాయో లెక్క తీశారు. ఒకచోట గ్లాసులు, ఒకచోట పెరుగు, ఒకచోట ఏకంగా పంతులు. పెళ్ళిళ్ళన్నీ అయ్యాయి, పాఠం మాత్రం పీటల మీదే ఉంది.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని మా ఆవిడకు మొరపెట్టుకున్నాను. ఏ ఉపమానం చెప్పినా పిల్లలు ఉపమానంలోకి దిగి అక్కడే కాపురం పెడుతున్నారు, నా వెనక రావడం లేదు అని.

"గదంత ఉండనీయున్రి," అంది ఆవిడ, చారు పోస్తూ. "మీకన్న సమజైందా?"

ఎన్నేళ్ళుగానో చెబుతున్న పాఠం. అయిందనే అన్నాను. చారు మాత్రం ఎక్కువ పోయించుకున్నాను.

మరుసటి రోజు ఉపమానాలేవీ లేకుండా చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద మెట్లు గీశాను. అడుగున బిల్డింగు, కరెంటు, యంత్రాలు. వాటి మీద ఆపరేటింగ్ సిస్టం. దాని మీద ప్రోగ్రాం. అన్నిటికన్నా పైన మన వివరాలు, మన పాస్‌వర్డులు. ఏ రకంలో ఏ మెట్టు దాకా వాళ్ళది, ఎక్కణ్ణుంచి మనది అని అడిగాను. గది నిండా చూపులు, ఒక్కటీ బోర్డు మీద లేదు. వెనక బెంచీలో ఇంకా సీడ్ పత్తి నడుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అరె, ఏం తెల్వకున్న మంచిదే! చెడిపోతె ఎవరిని తిట్టాలె? గదొక్కటి చెప్పున్రి, చాలు!"

అప్పుడొక విచిత్రం జరిగింది. అందరూ బోర్డు వైపు చూశారు. ఏది ఎవరిదో చెప్పమంటే పలకని క్లాసు, ఎవరిని తిట్టాలో చెప్పమంటే మేలుకుంది.

"ఉత్త మిషన్ తీసుకున్నం. వాళ్ల బిల్డింగుల డిస్కు కాలిపోయింది. ఎవరిని?"

"వాళ్లనే సార్!"

"గదే మిషన్ల ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్ చెయ్యలే. వైరస్ జొచ్చింది."

కాసేపు తర్జనభర్జన. "మనల్నే తిట్టుకోవాలె," అన్నాడు టెంట్ హౌస్ అబ్బాయి. "డీజిల్ మనమే పొయ్యలే."

"రెండో రకం తీసుకుంటె?"

"వాళ్లనే. అప్‌డేట్ వాళ్ల పని గద."

"గదే రెండో రకంల, మార్కులు కూడే ప్రోగ్రాం తప్పుగ కూడింది."

"రాసింది మనమే గద సార్. మనల్నే."

"తయారైన సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నం. అది తప్పుగ కూడింది."

"వాళ్లనే, వాళ్లనే!"

"గా సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు నువ్వు దోస్తుకిచ్చినవ్. వాడు మార్కులన్ని గీకేసిండు."

వడ్డేపల్లి పిల్లవాడు పక్కవాడి వైపు చూసి అన్నాడు, "వీన్ని తిడ్త సార్. గని తప్పు నాదే."

ఆ అరగంటలో నాకే ఒక సంగతి తెలిసింది. మొదటి రకం నుంచి మూడో రకానికి ఎక్కేకొద్దీ ఎదుటివాణ్ణి తిట్టే హక్కు పెరుగుతూ పోతుంది. మన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే హక్కు తగ్గుతూ పోతుంది. ఉత్త మిషన్ మీద ఏమైనా వేసుకోవచ్చు, తయారైనదాంట్లో గుండీ రంగు మార్చాలన్నా వాళ్ళనే అడగాలి. ఎక్కడ ఎక్కినా వివరాలు, పాస్‌వర్డులు మాత్రం మన నెత్తినే ఉంటాయి. రాత్రి మా ఆవిడకు ఇచ్చిన జవాబు సగం అబద్ధమని కూడా అప్పుడే తెలిసింది.

"సార్," అంది ఉప్పునుంతల అమ్మాయి, మెట్లను నోటుబుక్కులో గీసుకుంటూ. "తిడ్తె ఇంటరా వాళ్లు?"

గంట కొట్టారు, నేను బతికిపోయాను.

కంపెనీ రాతపరీక్ష పెట్టింది. మావాళ్ళలో నెగ్గింది ఆ అమ్మాయి ఒక్కతే. వడ్డేపల్లి, టెంట్ హౌస్ పిల్లలిద్దరికీ పాఠం వచ్చింది గాని, ఇంగ్లిషు రాలేదు. ఇక గ్రూపు ఉండాలా పోవాలా అన్నది ఒక్క మనిషి మీదికి వచ్చింది. ల్యాబులో కంప్యూటరు ముందు ఆమె కూర్చుంది, తెర మీద హైదరాబాదు నుంచి ఒక మేడం. వెనక నేను. నా పక్కన కరస్పాండెంటు, ఎవరూ పిలవకుండానే.

అమ్మాయి మూడు రకాల నిర్వచనాలూ ఇంగ్లిషులో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. మేడం వింది. "అవి నా ముందు కూడా రాసి ఉన్నాయమ్మా," అంది తెలుగులో. అదే అదనుగా కరస్పాండెంటు కెమెరాలోకి తల దూర్చి, "మేడం, మా ల్యాబ్ మొత్తం ఏసీ," అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

తర్వాతి కొన్ని నిమిషాలు నేను తల్చుకోదలుచుకోలేదు. నా ఫోను అమ్మాయి చేతిలో పెట్టి, దాని నెట్టుతోనే మేడంని మళ్ళీ పట్టుకున్నాం. సిగ్నల్ కోసం కిటికీ దగ్గర నిలబెట్టాం. కరస్పాండెంటును బయట నిలబెట్టాం. అది నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఒకే ఒక సాహసం.

"ఒక దవాఖాన వాళ్ళు ఫోన్ చేశారనుకో," అంది మేడం. "మా రోగుల వివరాలన్నీ పోయినయ్, మీదే బాధ్యత అని అరుస్తున్నారు. ఏం చేస్తావు?"

అమ్మాయి ఇంగ్లిషు వదిలేసింది.

"ముందుగాల ఏం తీస్కున్నరో అడుగుత మేడం. తయారైన సాఫ్ట్‌వేరా, ఉత్త మిషనా అని."

"ఉత్త మిషనే."

"బ్యాకప్ పెట్టుకున్నరా అని అడుగుత."

"పెట్టుకోలేదు. అది కూడా మీరే పెట్టాలనుకున్నారట."

"గట్లయితె తప్పు మనది కాదు మేడం. గని ఫోన్ పెట్టెయ్యొద్దు. రోగులు వాళ్ల ముంగట నిలబడి ఉంటరు గద. మిషన్ల ఏమన్న మిగిలిందా, తీసే దారుందా, సూస్త. మనది కాదనే మాట తర్వాత చెప్పొచ్చు."

మేడం ఏదో రాసుకుంది. నేను ఆ పాఠంలో అది చెప్పలేదు. చెప్పాలని నాకు తట్టనే లేదు.

ఆమెకు నౌకరి వచ్చింది. గ్రూపు నిలిచింది. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. అందులో ఆమె ఫోటో ఒకటి, దానికి రెండింతలు కరస్పాండెంటు ఫోటో. వచ్చే ఏడు రెండు సెక్షన్లట. ఇంకో లెక్చరరును పెట్టుకుంటారా అని ఆశగా అడిగాను.

"ఎందుకు సార్?" అన్నాడాయన. "మీరు గా పాఠం ఒక్కసారి వీడియోల చెప్పున్రి. రెండు సెక్షన్లకు గదే ఏస్తం. మీరు నిమ్మళంగ ఊర్లు తిరగొచ్చు."

ఆదివారం నాడు ఖాళీ క్లాసులో నన్ను నిలబెట్టి, ఎదురుగా స్టాండు మీద ఫోను పెట్టారు. బెంచీలన్నీ ఖాళీ. నేను మొదలుపెట్టాను. మొదటి రకం ఇది, రెండోది ఇది, మూడోది ఇది, తేడాలు ఇవి. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరి బోరూ ఎండలేదు, ఎవరి పెళ్ళీ చెడలేదు. ఒక్క తప్పు లేకుండా చెప్పి ఆపాను. ఫోను వెనక నిలబడ్డ కరస్పాండెంటు గడియారం చూసి నోరు తెరిచాడు.

"అయిపోయిందా? ఇంతేనా సార్ పాఠం?"

"ఇంతే."

"ఇంతదానికి మూడు దినాలు ఏం జేసిన్రు క్లాసుల?"

ఖాళీ బెంచీల వైపు చూశాను. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఏ ఉపమానమూ దొరకలేదు.